ఎడమ కాలికి సెలవు

మా ఇంటికి కొత్త కారొచ్చి ఐదు నెలలైంది. ఎంత పడింది, మైలేజీ ఎంత, రంగు ఎవరు ఎంచారు అని అడిగిన వాళ్ళందరికీ ఓపిగ్గా జవాబులు చెప్పాను. ఒక్క సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. అది తెలిసింది ఇద్దరికే, నాకూ మా అత్తయ్యకీ. ఇంకో సాక్షి కూడా ఉండేది, ఆకుపచ్చ ప్లాస్టిక్ బకెట్టు. అదిప్పుడు లేదు లెండి. ఆ కథ చెప్పాలంటే ముందు నా ఎడమ కాలి గురించి చెప్పాలి.

నేను కారు నేర్చుకుంది ముప్పై ఆరో ఏట. మా వీధిలో ఆడవాళ్ళు అప్పటికి స్కూటీ దాకా వచ్చారు గానీ కారు దాకా రాలేదు. డ్రైవింగ్ స్కూలాయన పక్క సీట్లో కూర్చుని, తన కాళ్ళ దగ్గర కూడా ఒక క్లచ్చీ ఒక బ్రేకూ పెట్టుకుని, ఇరవై ఒక్క రోజులూ ఒకటే పాఠం చెప్పాడు. "క్లచ్ మేడమ్, క్లచ్!" రాత్రి కలలో కూడా అదే వినిపించేది. డిగ్రీలో తెలుగు తీసుకుని, కావ్య నాయికల హంసగమనాల గురించీ గజగమనాల గురించీ పరీక్షల్లో పేజీలు నింపినదాన్ని. నా చేతిలో పడ్డ కారుది మాత్రం మండూకప్లుతి. క్లచ్ కాస్త తొందరగా వదిలితే చాలు, కప్పలా ఒక్క గెంతు గెంతి ఆగిపోయేది. వెనక హారన్లు, నుదుటి మీద చెమట.

పైగా మాది విశాఖపట్నం. మా ఊళ్ళో రోడ్డంటే ఎక్కడమో దిగడమో. ఎత్తు మీద ట్రాఫిక్ ఆగిందంటే ఇక చూడండి నా అవస్థ. హ్యాండ్ బ్రేకు మీద ఒక చెయ్యి, సగం వదిలిన క్లచ్ మీద ఎడమ కాలు, వెనక ఆనుకుని నిలబడ్డ ఆటో మీద ఒక కన్ను. బండి జానెడు వెనక్కి జారితే చాలు, ప్రాణం మూరెడు పైకొచ్చేది. అయినా పట్టు వదల్లేదు. ఎనిమిది అంకె వేసి లైసెన్సు తెచ్చుకున్నాను. తొమ్మిదేళ్ళు పాత కారు నడిపాను. నాకు బాగా వచ్చిన పనులు నాలుగు చెప్పమంటే అందులో హాఫ్ క్లచ్ ఒకటి అని ధైర్యంగా చెప్పేదాన్ని. ఆ కాలు నేర్చుకున్న విద్య అది. బుర్ర ఆలోచించేలోపే కాలు తొక్కేసేది.

నిరుడు రెండు జరిగాయి. బ్యాంకులో పనిచేసే మా వారికి శ్రీకాకుళం బదిలీ అయింది. శనివారం సాయంత్రం వచ్చి సోమవారం తెల్లవారుజామునే వెళ్ళిపోతారు. వారమంతా ఇంటికి డ్రైవర్ని నేనే. రెండోది, నా ఎడమ మోకాలు నొప్పి మొదలెట్టింది. డాక్టరుగారు ఎక్స్‌రే చూసి, కింద కూర్చోవడం తగ్గించండి, మెట్లు తగ్గించండి అని, "కారు నడుపుతారా? గంటలకొద్దీ ట్రాఫిక్‌లో క్లచ్ తొక్కడం కూడా తగ్గించండి" అన్నారు. అదే సమయానికి పాత బండి కూడా మూలగడం మొదలెట్టింది.

ఊరి బయట ఇంజినీరింగు చదువుతున్న మా అబ్బాయి ఫోన్లో తీర్పు చెప్పేశాడు. "అమ్మా, ఆటోమేటిక్ తీసుకో." మామూలు గేర్ల బండి కంటే దాదాపు యాభై వేలు ఎక్కువ.

"ఎడమ కాలికి యాభై వేలా?" అన్నారు మా వారు.

"మోకాలి చిప్ప మార్పించడం కంటే చవకే కదండీ" అన్నాను. ఆయన ఇంకేం మాట్లాడలేదు.

మా ఊళ్ళో కొత్త బండి కొంటే ముందు ఆసీల్‌మెట్టలో సంపత్ వినాయకుడి గుడికి తీసుకెళ్ళడం ఆనవాయితీ. పూజారిగారు బానెట్టు మీద స్వస్తిక్ వేసి, దండ వేసి, నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టి "ముందుకు పోనివ్వండమ్మా" అన్నారు. బండి నా పేరు మీదే ఉంది కాబట్టి నేనే కూర్చున్నాను. షోరూమ్ కుర్రాడు చెప్పినట్టే బ్రేకు తొక్కి, లివరు డి లోకి లాగి, బ్రేకు మీద నుంచి కాలు తీశాను. యాక్సిలరేటర్ ముట్టుకోనేలేదండీ, బండి దానంతటదే నడిచింది! నిమ్మకాయలు చితికిన చప్పుడు వినబడింది. నేను కంగారుపడి ఎడమ కాలితో క్లచ్ తొక్కాను.

క్లచ్ ఎక్కడుంది? అక్కడున్నది వెడల్పాటి బ్రేకు. తొమ్మిదేళ్ళుగా క్లచ్చిని నేలకంటా తొక్కడం అలవాటైన కాలు, ఆ బలంతోనే బ్రేకుని తొక్కింది. బండి మేకు కొట్టినట్టు ఆగిపోయింది. పక్కన కూర్చున్న మా వారి ఒళ్ళోంచి ప్రసాదం పళ్ళెం ఎగిరి అద్దానికి తగిలింది. కొబ్బరి చిప్ప ఒకటి నా కాళ్ళ దగ్గరికి దొర్లింది. వెనక సీట్లో అత్తయ్య "వినాయకా!" అన్నారు. పూజారిగారు మాత్రం నిదానంగా "కాయలు చితికాయి కదమ్మా, దోషం పోయింది" అన్నారు.

దోషం పోలేదు. అది నా ఎడమ కాల్లో ఉంది.

మొదటి వారం రోజులు ఎన్నిసార్లు అలా బ్రేకు తొక్కానో లెక్కలేదు. సిగ్నల్ దగ్గర బండి నెమ్మదిస్తున్నా, స్పీడ్ బ్రేకర్ వచ్చినా, ఎడమ కాలు పిలవని పేరంటానికి వెళ్ళినట్టు వెళ్ళిపోయేది. మద్దిలపాలెం దగ్గర ఒకసారి అలా ఆగితే వెనక ఆటో అబ్బాయి పక్కకొచ్చి "ఏటండీ మేడమ్, నిద్దరొచ్చేసిందా?" అని అడిగి మరీ వెళ్ళాడు. చెయ్యి కూడా తక్కువది కాదు. ఊరికే గేరు రాడ్డు మీదకి వెళ్ళి, అక్కడ పనేమీ లేక దాన్ని నిమిరి వెనక్కొచ్చేది.

రాత్రి వీడియో కాల్‌లో మా అబ్బాయికి మొరపెట్టుకున్నాను. వాడు కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పాడు. ఆటోమేటిక్ అంటే అన్నీ ఒకటి కాదట. మాది ఏఎంటీ రకం. లోపల గేరుపెట్టె మామూలు బండిలో ఉన్నదే, క్లచ్ కూడా ఉంది. కాకపోతే మన బదులు ఒక చిన్న మిషను ఆ క్లచ్ తొక్కుతుంది, గేరు మారుస్తుంది. ఎప్పుడు మార్చాలో చిన్న కంప్యూటరు చెబుతుంది. అమెరికాలో 1940 మోడల్ కార్లకే ఆటోమేటిక్ గేర్లు వచ్చేశాయట. మన దగ్గర ఈ ఏఎంటీ 2014లో మారుతి సెలేరియోతో వచ్చాకే మధ్యతరగతి ఇళ్ళ దాకా చేరింది.

"అంటే లోపల ఎవరో ఒకరు క్లచ్ తొక్కుతూనే ఉన్నారు, బయటికి కనబడరు. అంతేగా?" అన్నాను.

"అంతే."

"ఆ ఉద్యోగం నాకు ఇరవై మూడేళ్ళుగా అలవాటేరా. ఇప్పుడా మిషను కష్టం నాకు బాగా అర్థమైంది."

వాడు నవ్వి, ఒక చిట్కా చెప్పాడు. ఎడమ కాలికి చెప్పు తీసేయమన్నాడు. పాదానికి మ్యాట్ తగులుతుంటే "నీకిక్కడ పని లేదు" అని గుర్తుంటుందట. తీసిన చెప్పు కాళ్ళ దగ్గర ఉంచితే పెడల్ కిందకి దూరుతుంది, అందుకని పక్క సీటు కింద పెట్టమన్నాడు. బాగానే పనిచేసింది. కాకపోతే మూడో రోజు ఎంవీపీ కాలనీ రైతుబజారులో దిగి, వంకాయలు ఏరుకుని, ఆనపకాయ గిల్లి చూసి, డబ్బులిచ్చేదాకా నాకు ఒక కాలికే చెప్పుందని తెలియలేదు. ఆకుకూరలమ్మే ఆవిడ జాలిగా చూసి "తెగిపోయిందా తల్లీ?" అంది. అవునని చెప్పి కుంటుకుంటూ వచ్చేశాను. ఆ రోజుతో ఆ చిట్కా కూడా మానేశాను.

ఇక్కడే నా తెలివి పనిచేసింది. చేయకుండా ఉంటే బాగుండేది.

ఎడమ కాలు ఎలాగూ బ్రేకు మీదకే వెళ్తోంది కదా, బ్రేకు పని దానికే అప్పజెప్పేస్తే పోలా? కుడి కాలు యాక్సిలరేటర్ చూసుకుంటుంది, ఎడమ కాలు బ్రేకు చూసుకుంటుంది. ఎవరి వంతు వాళ్ళకి. ఇంటి పనులు పంచినట్టు పంచేశాను. నాలుగు రోజులు బ్రహ్మాండంగా నడిచింది. ఇంత సులువు కిటుకు షోరూమ్ వాళ్ళకి ఎందుకు తట్టలేదా అనుకున్నాను.

ఐదో రోజు సాయంత్రం. బజారు నుంచి వచ్చి గేటు దగ్గర హారన్ కొట్టాను. అత్తయ్య వచ్చి గేటు తీశారు. మా గేటు దాటగానే చిన్న వాలు, దాని మీదకి ఎక్కితే పోర్టికో, చివర తులసికోట. వాలు ఎక్కాలని కుడి కాలితో యాక్సిలరేటర్ కాస్త తొక్కాను. ఎడమ కాలు బ్రేకు మీద సిద్ధంగా ఉంది. అంతలో అత్తయ్యకి తులసికోట పక్కన పెట్టిన నీళ్ళ బకెట్టు గుర్తొచ్చింది. దారికి అడ్డమని తీయబోయారు. తీయడానికి బండి ముందుకొచ్చారు.

పాత బండిలో గట్టిగా ఆపాలంటే రెండు కాళ్ళూ ఒకేసారి తొక్కాలి. కుడిది బ్రేకు, ఎడమది క్లచ్. తొమ్మిదేళ్ళ అలవాటు. అత్తయ్యని చూడగానే నా రెండు కాళ్ళూ ఆ పనే చేశాయి. కానీ నా కుడి కాలు అప్పుడు బ్రేకు మీద లేదు. యాక్సిలరేటర్ మీద ఉంది.

ఇంజను ఒక్కసారి అరిచింది. బండి ముందుకు ఉరికింది. తరవాత ఆగింది. ఎడమ కాలు కూడా తొక్కింది కాబట్టే ఆగింది. మొత్తం ఒక్క రెప్పపాటు. చూసేసరికి బకెట్టు బంపరుకీ తులసికోట గట్టుకీ మధ్య నలిగి చీలిపోయి ఉంది. నీళ్ళు పోర్టికో అంతా పారుతున్నాయి. అత్తయ్య తులసికోటకి వీపు ఆనించి నిలబడి ఉన్నారు. ఆవిడ చీర కుచ్చిళ్ళకీ బంపరుకీ మధ్య జానెడు దూరం. ఎక్కువ చెప్పట్లేదు, జానెడే.

నేను స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. చేతులు వదలడం రాలేదు. ఎంతసేపో తెలియదు. అత్తయ్య వచ్చి అద్దం మీద వేలితో తట్టారు. "బండి ఆపేసి రా అమ్మాయ్. లోపల స్టవ్వు మీద పాలున్నాయి, పొంగుతాయి" అన్నారు. అంతే. ఆ మాట తప్ప ఇంకో మాట అనలేదు. ముక్కలైన బకెట్టు ఆవిడే తీసి చెత్తలో వేశారు.

ఆ రాత్రి మా వారు ఫోన్ చేస్తే నేను గదిలోంచి వింటూనే ఉన్నాను. అత్తయ్య మామూలు గొంతుతో చెబుతున్నారు. "ఆ ఆకుపచ్చ బకెట్టు ఎండకి పెళుసెక్కిపోయిందిరా, పగిలిపోయింది. శనివారం వచ్చేటప్పుడు కొత్తది పట్టుకురా."

ఆవిడ నన్ను నాలుగు తిట్టినా అంత ఏడ్చేదాన్ని కాదేమో.

తరవాత తొమ్మిది రోజులు కారు ముట్టుకోలేదు. ఎండగా ఉందని ఒకరోజు, దగ్గరే కదా నడుస్తానని ఒకరోజు, కూరలు ఇంటి ముందుకే వస్తున్నాయి కదా అని ఒకరోజు. శనివారం మా వారు వచ్చి "బండెందుకు దుమ్ము కొట్టుకుపోయింది?" అంటే, మోకాలు నొప్పిగా ఉందన్నాను. మోకాలి కోసం కొన్న బండి నడపకపోవడానికి మోకాలే సాకు. బండి అమ్మేసి పాత రకందే కొనుక్కుందామని ఎలా చెప్పాలా అని ఆలోచిస్తున్నాను. అత్తయ్య వింటున్నారు, ఏమీ అనడం లేదు.

పదో రోజు అత్తయ్యకి కంటి ఆసుపత్రిలో చెకప్పు. శుక్లం ఆపరేషను అయ్యాక రెండోసారి చూపించుకోవాలి. ఆటో పిలుస్తానన్నాను.

"ఆటో వద్దు. ఆ చుక్కలు వేశాక వెలుతురు చూడలేను. కార్లో వెళ్దాం" అన్నారు.

"అత్తయ్యా, నేను నడపను. ఆ రోజు మీకేమన్నా అయ్యుంటే..." అని ఆగిపోయాను. పది రోజుల్లో ఆ సంగతి మా మధ్య రావడం అదే మొదలు.

అత్తయ్య మంచం మీద తన పక్కన చోటు చూపించి కూర్చోమన్నారు. కూర్చున్నాక ఈ కథ చెప్పారు.

"మన విజయనగరం ఇంటికి గ్యాసు వచ్చింది 1982లో. అప్పటిదాకా కట్టెల పొయ్యే. చిన్నప్పటి నుంచి అలవాటేంటి? ముందు కట్టెలు పేర్చడం, కిరసనాయిలు చుక్క వెయ్యడం, అన్నీ సిద్ధం చేసుకుని ఆఖర్న అగ్గిపుల్ల గియ్యడం. గ్యాసు పొయ్యికి కూడా అలాగే చేశాను. ముందు మీట తిప్పేశాను. తరవాత చూస్తే అగ్గిపెట్టె లేదు. పూజగదిలో ఉందని వెతుక్కుని వచ్చి గీశాను. భగ్గుమంది. నా కనుబొమలు కాలిపోయాయి, పమిట చెంగు అంటుకుంది. నలిపేసుకున్నాను. అది కాదు సంగతి. ఆ పొయ్యి పక్కన పీట మీద కూర్చుని ఒకడు అటుకులు తింటున్నాడు. నాలుగేళ్ళ వాడు. మీ ఆయనే."

నాకు నోట మాట రాలేదు.

"నెల రోజులు దాని జోలికి పోలేదు. మళ్ళీ కట్టెల పొయ్యే రాజేశాను. మీ మావయ్యకి గ్యాసు వాసన పడటం లేదని అబద్ధం చెప్పాను. మా అత్తగారు చూసి చూసి, ఒకరోజు ఆ పీట వేసుకుని నా పక్కన కూర్చున్నారు. 'అగ్గిపుల్ల ముందు, మీట తరవాత. అనుకుంటూ వెలిగించు. నేనిక్కడే కూర్చుంటాను' అన్నారు. చెయ్యి వణుకుతుంటే ఆవిడ లేచి వెళ్ళలేదు. పక్కనే కూర్చున్నారు. వారం రోజులు అలాగే."

"మావయ్యగారికి చెప్పారా?"

"ఎందుకు? సిలిండరు వెనక్కిచ్చేసేవారు" అన్నారు అత్తయ్య.

చెకప్పు రెండు రోజులు వాయిదా వేయించాం. ఆ రెండు రోజులూ తెల్లవారి ఐదున్నరకి, రోడ్ల మీద పాలవాళ్ళు తప్ప ఎవరూ లేనప్పుడు, అత్తయ్యా నేనూ కారు తీశాం. ఆవిడ వెనక సీట్లో కాదు, నా పక్కన కూర్చున్నారు. "ఆ ఎడమ కాలు వెనక్కి లాక్కో. పీట మీద కూర్చున్నట్టు ముడుచుకో. దానికి సెలవు. తొక్కడానికైనా ఆపడానికైనా కుడి కాలే" అన్నారు. కాలనీ వెనక వీధుల్లో నెమ్మదిగా వెళ్తుంటే, ఉన్నట్టుండి "ఆగు!" అనేవారు. నేను కుడి కాలు తీసి బ్రేకు మీద వేసి ఆపాలి. అలా ఎన్నిసార్లు ఆపానో ఆవిడ జపం చేసేటప్పుడు లెక్కపెట్టినట్టు వేలి కణుపుల మీద లెక్కపెట్టారు. మొదటి రోజు నలభై. అందులో ఆరుసార్లు ఎడమ కాలు కదిలింది, ఆవిడకి తెలిసిపోయేది. రెండో రోజు అరవై. ఒక్కసారే కదిలింది.

ఇంకోటి కూడా అప్పుడే అర్థమైంది. ఒకే కాలికి రెండు పెడల్స్ అప్పజెప్పడంలోనే రక్షణ ఉంది. ఒక్క కాలు ఒకే సమయంలో రెండు చోట్ల ఉండలేదు. బ్రేకు మీద ఉంటే యాక్సిలరేటర్ మీద లేనట్టే. నా కాళ్ళ పంపకంలో నేను పోగొట్టుకున్నది ఆ రక్షణే.

మూడో రోజు ఆసుపత్రికి వెళ్ళి వచ్చాం. అత్తయ్య కళ్ళకి నల్ల అద్దాలు పెట్టుకుని ముందు సీట్లో మహారాణిలా కూర్చున్నారు. ఆ పై ఆదివారం "సింహాచలం వెళ్దాం, నువ్వే నడుపు" అన్నారు. మా వారు ఇంట్లోనే ఉన్నారు. "ఘాట్ రోడ్డు, నేను తీస్తాను" అంటే "నువ్వు వెనక కూర్చో" అన్నారు కొడుకుతో.

హనుమంతవాక, ఆరిలోవ, ముడసర్లోవ మీదుగా అడివివరం వెళ్ళి కొండ ఎక్కాం. పాత బండితో ఈ కొండ ఎక్కిన ప్రతిసారీ అప్పన్న దర్శనం కంటే ముందు నాకు ప్రాణభయం కనబడేది. ఒక మలుపులో ముందు బస్సు ఆగితే నేనూ ఆగాను. మా బండిలో ఎత్తు మీద ఆగినప్పుడు బ్రేకు వదిలినా ఒక రెండు క్షణాలు వెనక్కి జారకుండా పట్టి ఉంచే ఏర్పాటుంది. ఆలోపు కుడి కాలు యాక్సిలరేటర్ మీదకి వెళ్తే చాలు. వెళ్ళింది. బండి జారలేదు. ఎడమ కాలు సీటు కింద ముడుచుకుని ఉంది. పక్కన అత్తయ్య కళ్ళు మూసుకుని ఉన్నారు. దండం పెట్టుకుంటున్నారో భయపడుతున్నారో అడగలేదు.

కప్పస్తంభాన్ని కౌగిలించుకుని, పులిహోర తిని, కిందకి దిగేటప్పుడు మా అబ్బాయి చెప్పింది గుర్తుపెట్టుకుని లివరు ఎం లోకి మార్చి రెండో గేరులో దించాను. డి లో వదిలేసి ఊరికే బ్రేకు తొక్కుకుంటూ దిగితే బ్రేకులు వేడెక్కిపోతాయి. వెనక సీట్లోంచి మా వారు "బానే నడుపుతున్నావే" అన్నారు. ఇరవై మూడేళ్ళ కాపురంలో నా డ్రైవింగుకి వచ్చిన మొదటి సర్టిఫికెట్ అది.

కొత్తగా ఆటోమేటిక్ కొనుక్కుంటున్న అక్కచెల్లెళ్ళకి నాకు తెలిసిన నాలుగు ముక్కలు చెప్తాను. పాత బండి ఎన్నేళ్ళు నడిపినా సరే, మొదటి నాలుగు రోజులు ఖాళీ చోట తిప్పండి. ఎడమ కాలితో బ్రేకు వద్దు, నా మీద ఒట్టు. డి లో ఉన్న బండి బ్రేకు వదలగానే మనిషి నడిచినంత వేగంతో దానంతటదే కదులుతుంది, కాబట్టి ఇరుకు చోట, గేటు దగ్గర, యాక్సిలరేటర్ జోలికి పోకుండా బ్రేకు మీదే కాలుంచి మెల్లగా వదలండి. వాలు ఎక్కాలంటే ఎదురుగా ఎవరూ లేరని చూసుకున్నాకే తొక్కండి. మా రకం బండ్లకి పార్కింగ్ గేరు కూడా ఉండదు, దిగేముందు హ్యాండ్ బ్రేకు వేశారో లేదో రెండుసార్లు చూసుకోండి. గేరు మారేటప్పుడు బండి కొంచెం తలాడిస్తే కంగారుపడకండి, ఆ సమయానికి యాక్సిలరేటర్ మీద కాలు కాస్త తేలిక చేస్తే అదీ తగ్గుతుంది. ముఖ్యంగా, బండి లోపలికి వచ్చేటప్పుడు ఇంట్లో వాళ్ళెవరూ ముందు నిలబడకుండా చూసుకోండి.

మా ఇంట్లో ఇప్పుడు ఆ పద్ధతి ఉంది. హారన్ కొట్టగానే అత్తయ్య గేటు తీసి, స్తంభం బయట పక్కగా నిలబడతారు. నేను లోపలికి వెళ్ళి ఇంజను ఆపి, తలుపు తీసేదాకా అడుగు లోపల పెట్టరు. కొత్త బకెట్టు, ఎర్రది, తులసికోట దగ్గర కాదు, కుళాయి పక్కన ఉంటోంది. మొదట్లో ఆవిడని అలా బయట చూస్తే గుండె కలుక్కుమనేది. "ఇంకా భయమా అత్తయ్యా?" అని ఒకరోజు అడిగేశాను.

"భయమైతే నీ పక్క సీట్లో కూర్చుంటానా? ఇప్పటికీ నేను అగ్గిపుల్ల ముందే గీస్తాను. అది భయం కాదు, పద్ధతి" అన్నారు.

ఇదంతా రాస్తానని ఆవిడని ముందే అడిగాను. మా వారు నేను రాసేవన్నీ చదువుతారు. చదివితే ఆయనకి ఒకే దెబ్బకి రెండు సంగతులు తెలిసిపోతాయి, బకెట్టుదీ, అటుకులదీ. అత్తయ్య కాసేపు ఆలోచించారు.

"రాసుకో. కాకపోతే వాడు సోమవారం పొద్దున్న బస్సెక్కాక పెట్టు. శనివారం వచ్చేసరికి చల్లబడతాడు" అన్నారు.

ఇవాళ సోమవారమే.